యజమాని స్వయంగా

ఆ ఉత్తర్వు మా ఊరికి చేరింది ఆగస్టు పదకొండో తేదీన. ఆ రోజు పొద్దున నేను ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాను. అవి నేను చేసుకున్నవి కావు. పక్కింటి రమీజాబీ గోడ మీదుగా అందించింది. నాకు వంట రాదని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఎత్తకుండా "ఎక్కువైంది సార్, పారేయలేక ఇస్తాండా" అంటుంది. మా ఆవిడ వకుళ పోయిన దగ్గర్నుంచి, అంటే నాలుగేళ్లుగా, వాళ్లింట్లో రోజూ ఏదో ఒకటి ఎక్కువవుతూనే ఉంది.

రెండో బజ్జీ తింటూ ఉండగా పేపర్లో ఆ వార్త కనిపించింది.

పై స్థాయి అధికారి ఒకాయన విదేశ పర్యటనకు వెళ్లారట. అక్కడ ఆదివారం పూట ఒక పౌరుడు తన కారు కింద వెల్లకిలా పడుకుని ఉండడం చూశారట. ఆ పౌరుడు బండి బాగు చేసుకుంటున్నాడో, పడిపోయిన తాళం వెతుక్కుంటున్నాడో, ఇంట్లో పోరు పడలేక అక్కడ దాక్కున్నాడో ఈయన అడగలేదు. చూసి చలించిపోయారు. తిరిగి రాగానే ఉత్తర్వు వెలువడింది.

"ప్రతి మోటారు వాహనమును దాని యజమాని స్వయంగా సంరక్షించుకొనవలెను, స్వయంగా మరమ్మతు చేసికొనవలెను, స్వయంగా తీర్చిదిద్దుకొనవలెను. అన్యుల స్పర్శ నిషిద్ధము."

అలా చేసుకున్నట్టు పత్రం పొందని బండి తుక్కు యార్డుకు పోతుంది. ఈ పని చూడడానికి 'స్వయంకృత వాహన సంరక్షణ విభాగం' ఏర్పడింది. స్వయంకృతం అన్నాక మన భాషలో ఆ తర్వాత ఏ మాట వస్తుందో పేరు పెట్టినవాళ్లకు తోచలేదు. బోర్డు రాసిన పెయింటరుకు తోచింది. అలవాటు కొద్దీ 'స్వయంకృతాపరాధ' దాకా రాసేసి, నాలిక కరుచుకుని, మిగులు అక్షరాల మీద సున్నం కొట్టాడు. వాన పడినప్పుడల్లా అవి మళ్లీ బయటికి వచ్చేవి.

మొదటి దెబ్బ మెకానిక్కులకు తగిలింది. వాళ్లు బండిని తాకకూడదు, మాట్లాడవచ్చు. మా వీధి చివర షెడ్డున్న ఓబులేసు బోర్డు చెరిపి 'సలహాదారు' అని రాయించుకున్నాడు. కుర్చీ వేసుకుని, చేతులు ఊరుకోవు గనక తువ్వాలుతో వెనక్కి కట్టించుకుని కూర్చున్నాడు. ఊళ్లోని పెద్ద డాక్టరు గారు ఆయన ముందు కారు కింద పడుకున్నారు.

"ఆ నట్టు ఎడమకు తిప్పండి సార్," అన్నాడు ఓబులేసు.

డాక్టరు గారు తిప్పారు.

"అది మీ ఎడమ. బండి ఎడమకు తిప్పాల."

"బండికి ఎడమ ఎటయ్యా?"

"మీ ఎదురుగా కూర్చున్న పేషెంటు అనుకోండి సార్."

డాక్టరు గారికి వెంటనే అర్థమైంది. పేషెంటు ఎడమకు తిప్పారు. ఇంజనాయిలంతా ఆయన మొహం మీద పడింది. లోపలి నుంచి ఆయన గొంతు తృప్తిగా వినిపించింది: "మోషను ఫ్రీగా అయింది."

ఊరికి ఒక కొత్త వెర్రి పట్టింది. ఆదివారం వస్తే వీధుల్లో మనుషులు కనిపించేవాళ్లు కాదు, కాళ్లు కనిపించేవి. కాళ్లను బట్టి పలకరించుకోవడం అలవాటైంది. "ఏమప్పా, మడమ పగిలింది, కొబ్బరినూనె రాయి" అని మా వీధి అవధాని గారు దారిన పోతూ హెచ్చరించేవారు.

తనిఖీలో ముందుగా గోళ్లు చూసేవారు. గోళ్లలో మరక లేకపోతే పని పరుల చేత చేయించినట్టు లెక్క. దాంతో బజారువీధి బ్యూటీ పార్లరులో ఒక కొత్త సేవ మొదలైంది. గోరింటాకు పెట్టే అమ్మాయే గ్రీజు పెడుతుంది. పెళ్లి కొడుకులకు మోచేతి దాకా.

"స్వయంగా తీర్చిదిద్దుకొనవలెను" అన్న వాక్యం ఇంకా చాలా చేయించింది. ప్రతి యజమానీ తన బండిలో కనీసం ఒక మార్పు తన చేత్తో చేసి చూపించాలి. వకీలు గారు వెనక సీటు పీకేసి ఇటుకలతో అరుగు కట్టారు. క్లయింట్లు కూర్చోవడానికి బాగుంది గానీ, కారు మిట్ట ఎక్కడం మానేసింది. ఫ్లైఓవరు దగ్గర ఆయన క్లయింట్లు దిగి తోస్తూనే తమ కేసు చెప్పుకునేవారు. కిరాణా కొట్టు శెట్టి గారు కారు చుట్టూ పసుపు పూసి గడపలా బొట్లు పెట్టారు. అది అంత బాగుండడంతో, పొరుగూరి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ చెప్పులు విడిచి ఎక్కింది.

గుడి వ్యాను సంగతే పెద్ద చిక్కు తెచ్చింది. ఆ వ్యాను స్వామివారి పేరు మీద ఉంది. యజమాని స్వయంగా రావాలని విభాగం పట్టుబట్టింది. స్వామివారు వచ్చారు. పల్లకిలో, మేళతాళాలతో, హైస్కూలు మైదానంలోని తనిఖీ శిబిరానికి. అర్చకులు గారు స్పానరుకు గంధం పూసి స్వామి చేతికి ఆనించారు. నట్టు ఒక చుట్టు తిరిగింది. ఎలా తిరిగిందో అందరూ చూశారు, ఎవరూ చూడలేదు. మండల పరిశీలనాధికారి సంజీవరాయుడు గారు లేచి నమస్కరించి 'హాజరు' అని రాశారు. గోళ్లు మాత్రం చూడలేదు.

స్వామివారి తర్వాత వరసలో నేనున్నాను.

నా గొడవ ఇక్కడ చెప్పాలి. మా ఇంట్లో ఉన్న కారు నాది కాదు, వకుళది. ఆమె బాలికల హైస్కూల్లో సైన్సు చెప్పేది. ఉత్తర్వులు లేని కాలంలోనే ఈ ఊళ్లో తన కారు తానే బాగు చేసుకున్న యజమాని ఆమె ఒక్కతే. ప్లగ్గులు తుడిచేది, టైరు మార్చేది, బెల్టు బిగించేది. ఒక వేసవి సెలవుల్లో కారు మొత్తానికి వంకాయ రంగు తానే కుంచెతో వేసింది. దగ్గరికెళ్తే కుంచె గీతలు కనబడతాయి. ఎడమ తలుపు మీద రంగులో ఒక దోమ ఇరుక్కుపోయి ఉంది. తీసేద్దామంటే "ఉండనీండి, దానికి రంగు నచ్చింది" అంది.

నేను కాలేజీలో తర్కశాస్త్రం చెప్పినవాణ్ణి. కారు పనిలో నా వంతు లైటు పట్టుకోవడం. ఆమె పోయాక, ఉత్తర్వు వచ్చేదాకా, ఓబులేసు అప్పుడప్పుడు వచ్చి ఇంజను తిప్పి పోయేవాడు. కాగితాల్లో ఆమె పేరు కొట్టేసి నా పేరు రాయించమని చాలామంది చెప్పారు. నాకు చెయ్యి రాలేదు. మా ఇంట్లో ఇంకా ఆమె పేరున చెల్లుతున్నది అదొక్కటే.

"వాహన యజమాని?" అన్నారు సంజీవరాయుడు గారు.

"వకుళ."

"పిలవండి."

"లేదండి. పోయింది."

"ఎక్కడికి పోయినారు?"

"పోయిందండి," అన్నాను మళ్లీ.

"అదే, ఎప్పుడొస్తారు? సాయంత్రం అయిదు దాకా కౌంటరు తెరిచే ఉంటాది."

పక్కన కూర్చున్న గుమాస్తా కుళ్లాయమ్మ కలం ఆపింది. "సార్, పోయిందంటే... పోయింది సార్," అంది మెల్లగా.

సంజీవరాయుడు గారు మంచివారే. లేచి నిలబడ్డారు. తీయడానికి టోపీ లేదు గనక కళ్లద్దాలు తీశారు. కాసేపు అలా ఉండి, కూర్చుని, రాశారు: "యజమాని గైర్హాజరు. కారణము: శాశ్వతము."

"బండి నా పేరుకు మార్చడానికి వీలుందా?" అని అడిగాను. ఇక మార్చుకోక తప్పదని నాకూ అనిపించింది.

"మార్చవలెనంటే ముందుగా స్వయంకృత పత్రము జతపరచవలెను."

"పత్రం ఎవరికిస్తారు?"

"యజమానికి. స్వయంగా వస్తే."

ఇలాంటి వాదాన్ని మేము క్లాసులో బోర్డు మీద గుండ్రంగా గీసి చూపించేవాళ్లం. చూపించడానికి అక్కడ బోర్డు లేదు.

"ఇప్పుడే స్వామివారికి ఇచ్చారు కదండీ," అన్నాను. "నేనూ ఆమె ఫోటో తెస్తాను."

ఆయన నిజంగా బాధపడ్డారు. "స్వామి పోలేదు కదా సార్. ఉండాడు. మీరు చదువుకున్నోళ్లు, తేడా తెలుసుకోవాల." తర్వాత గొంతు మార్చి, "ఈ నడుమ ఆ వాహనమును మీరేమైనా స్పృశించినారా?" అన్నారు.

"ఆదివారం ఆదివారం తుడుస్తాను."

"అది రాసుకోబాకమ్మా," అన్నారు కుళ్లాయమ్మతో. ఆ రోజు ఆయన నాకు చేసిన ఉపకారం అది.

నోటీసులు వచ్చాయి. అన్నీ వకుళ పేరుకే. 'శ్రీమతి వకుళ గారు హాజరు కానిచో' అని మొదలయ్యేవి. ఆమెకు మళ్లీ ఉత్తరాలు వస్తున్నాయని ఒక పక్క సంతోషంగానే ఉండేది. చివరి దాంట్లో మాత్రం బండిని తుక్కు యార్డుకు తరలించే తేదీ ఉంది.

ఆ తేదీన వాళ్లు వచ్చారు. ముందు విభాగం వారి జీపు, వెనక గొలుసులున్న లారీ. జీపు మా గేటులోకి తిరుగుతుండగా టైరు ఉస్సుమంది. సరిగ్గా గేటుకు అడ్డంగా ఆగిపోయింది. అది కదిలితే తప్ప లారీ లోపలికి రాదు.

డ్రైవరు తిప్పేస్వామి జాకీ తీసుకుని దిగి, టైరు మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగప్పా," అన్నారు సంజీవరాయుడు గారు. "ఈ జీపుకు యజమాని ఎవురు?"

"నాకేం తెలుసు సార్. గవర్నమెంటు."

"మరి నువ్వెవురు?"

తిప్పేస్వామి ఆలోచించి జాకీ కింద పెట్టాడు.

సంజీవరాయుడు గారు జిల్లా కార్యాలయానికి ఫోను చేశారు. జిల్లా వాళ్లు రాజధానికి చేశారు. ప్రభుత్వము స్వయంగా టైరు మార్చు విధానమెట్టిదని ప్రశ్న. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది: "ప్రభుత్వమనగా ఎవరు అను విషయము పరిశీలనలో ఉన్నది. అంతవరకు వాహనమును యథాతథముగా ఉంచి, సిబ్బంది దానితోనే ఉండవలెను."

సిబ్బంది మా వరండాలో ఉన్నారు. ఎండ మండుతోంది. రమీజాబీ గోడ మీదుగా చూసి, పెద్ద గిన్నెడు చిత్రాన్నం తెచ్చింది. "ఎక్కువైంది," అంది వాళ్లతో. సంజీవరాయుడు గారు రెండోసారి పెట్టించుకున్నారు. ఎవరిదో మేక వచ్చి జీపు బానెట్టు మీద ఎక్కి పడుకుంది. అది కూడా అన్యుల స్పర్శే గానీ, దానికి నోటీసు ఎవరి పేరున ఇవ్వాలో తెలియక ఊరుకున్నారు.

"ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోరు కదా సార్," అంది కుళ్లాయమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి. "మీ ఇంటామె మిమ్మల్ని నలుగురిలో ఏమనేది?"

"పేరు పెట్టి పిలిచేది కాదమ్మా."

"అది తెలుసులే సార్. మా దిక్కు ఎవురు పిలుస్తారు? వేరేవాళ్లతో చెప్పేటప్పుడు ఏమనేది?"

నేను జవాబు చెప్పే లోపల రమీజాబీ అందుకుంది. "మా యజమాని అనేదమ్మా. వకుళక్క ఎప్పుడూ అంతే. 'రమీజా, మా యజమాని వస్తే తాళం ఇయ్యి.' 'రమీజా, మా యజమానికి ఉప్పు ఎక్కువ పనికిరాదు.' కారు కింద పడుకోని కూడా అట్లే అరిచేది. 'రమీజా, మా యజమానికి కారు గురించి ఏమీ తెలీదు గానీ, లైటు మాత్రం కదలకుండా పడతాడు.'"

ఆ మాటలన్నీ ఆమె వకుళ గొంతుతోనే చెప్పింది. ఆ గొంతు ఇంకొకరి దగ్గర భద్రంగా ఉందని నాకు తెలీదు.

కుళ్లాయమ్మ పైఅధికారి వైపు తిరిగింది. "ఉత్తర్వులో ఏముండాది సార్? 'దాని యజమాని స్వయంగా' అని. యజమానురాలు అని యాడైనా ఉండాదా?"

"లేదు."

"మాటలకు స్థానిక అర్థమే తీసుకోవల్లని పదో పేజీలో ఉండాది కదా సార్. మా ఊళ్లలో యజమాని అంటే ఎవురు? మొగుడు. ఆయమ్మ కారుకు యజమాని ఈ సారే."

పాతికేళ్లు తర్కం చెప్పిన నాకు ఆ వాదంలోని దోషం వెంటనే కనబడింది. ఆడమనిషి కొనుక్కుని, రంగు వేసుకుని, బాగు చేసుకున్న బండిని ఒక్క మాటతో మొగుడికి రాసిచ్చేస్తోంది అది. వకుళ వింటే స్పానరు పట్టుకుని లేచి వచ్చేది. అంతకంటే నాకు కావలసింది మాత్రం ఏముంది. కనబడనట్టే ఊరుకున్నాను.

సంజీవరాయుడు గారు పదో పేజీ చదివారు. మళ్లీ చదివారు. మొహం విప్పారింది.

"స్థానిక వ్యవహారమును అనుసరించి తమరు యజమానియే," అన్నారు లేచి, మొదటిసారి చూస్తున్నట్టు నాకు నమస్కారం పెడుతూ.

"ఆ లెక్కన తిప్పేస్వామి కూడా యజమానే సార్," అంది కుళ్లాయమ్మ. "వాళ్లింట్లో అడగండి."

ఫోను అందరికీ వినబడేట్టు పెట్టారు. "అమ్మా లక్ష్మక్కా, నేను తిప్పేస్వామి పైఅధికారిని."

"ఏం చేసినాడు సార్?" అంది అవతలి గొంతు.

"ఏమీ చేయలేదు. ఆయన్ను మీరేమని పిలుస్తారో రికార్డు నిమిత్తం చెప్పవలెను."

"కోపంలోనా సార్, మామూలుగానా?"

"మామూలుగా."

"మామూలుగా పిలిచేదే లేదు సార్. 'ఇంటాండావా' అంటా. వినడు."

"నలుగురిలో?"

"నలుగురిలోనూ వినడు."

తిప్పేస్వామి ఫోను దగ్గరికి వంగి బతిమాలాడు. "అట్లగాదే. పెండ్లిళ్లలో అంటావు కదా, మా అదీ అని. చెప్పు సారుకు."

"ఓ, అదా. పెండ్లిళ్లకు పోతే 'మా యజమాని తిన్నాడా' అని అడుగుతా సార్. అక్కడ నలుగురూ మంచి బట్టలతో ఉంటారు కదా, మనం కూడా ఉండాల."

"చాలమ్మా," అన్నారు సంజీవరాయుడు గారు ఉద్వేగంతో. తిప్పేస్వామి మేకను దించి టైరు మార్చాడు. ఆ జీపు టైరును ఒక యజమాని మార్చాడని రికార్డయింది.

ఆ వ్యాఖ్యానం జిల్లాకు పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. మెకానిక్కుల భార్యలు విభాగం ముందు బారులు తీరి, తమ మొగుళ్లు యజమానులేనని సాక్ష్యం చెప్పారు. ఒకామె మాత్రం "అట్ల అననప్పా, అనాలంటే వాడు ముందు తాగుడు మానాల" అని ప్రభుత్వం ముందు షరతు పెట్టి గెలిచింది. పెళ్లి కాని ఓబులేసుకు మాత్రం తువ్వాలు విప్పే దారి దొరకలేదు. నలభై దాటుతున్న మనిషికి ఆ నెలలోనే సంబంధం కుదిరింది. పీటల మీద పిల్ల అతన్ని 'మా యజమాని' అనగానే డాక్టరు గారు మండపం బయటి నుంచి కారు హారను కొట్టారు. వివాహ భోజనం అయ్యాక పెళ్లికొడుకు నేరుగా ఆ కారు కిందికి వెళ్లాడు. రాష్ట్రంలో వాహన యజమానుల సంఖ్య ఊహించనంతగా పెరిగిందని, ఉద్యమం ఘనవిజయం సాధించిందని విభాగం ప్రకటించింది.

కానీ ఇదంతా తర్వాతి సంగతి. ఆ రోజు మా వరండాలో నాకింకా పరీక్ష మిగిలి ఉంది. యజమానినైతే అయ్యాను, స్వయంగా చేసి చూపించాలి. చేయలేకపోతే లారీ వీధిలో సిద్ధంగానే ఉంది, గేటు ఇప్పుడు ఖాళీ.

సంజీవరాయుడు గారు మా షెడ్డులోకి వచ్చారు. "వాహనమును సిద్ధపరచి నడిచే స్థితికి తేవలెను," అన్నారు.

నేను కారు తలుపు తీసి కూర్చున్నాను.

"సార్, అది ఎడమ సీటు," అన్నాడు తిప్పేస్వామి.

దిగి, చుట్టు తిరిగి వెళ్లి బానెట్టు ఎత్తాను. లోపల ఏ భాగం పేరూ నాకు తెలీదు. అయితే ఒక్క సంగతికి నాకే ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ల ఆదివారాలు లైటు ఎక్కడెక్కడ పట్టుకున్నానో నా చేతికి గుర్తుంది. ముందు ఎడమ మూల. అక్కడ ఆమె కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, నూనె గీత చూసేది. తర్వాత మధ్యలో నీళ్లు. తర్వాత వెనక్కి, బ్యాటరీ చివర్లు. అక్కడ తెల్లగా పూత పట్టి ఉంటే "వేన్నీళ్లు" అని చెయ్యి చాపేది. పట్టి ఉంది.

"వేన్నీళ్లు," అన్నాను.

రమీజాబీ చెంబుతో తెచ్చింది. పోశాను. పూత కరిగింది. తర్వాత లైటు ఆ నల్ల బెల్టు మీదికి వెళ్లాలి. వెళ్లింది. బొటనవేలితో నొక్కి చూశాను. ఎంత లోపలికి పోవాలో నాకు తెలీదు. ఆమె నొక్కినప్పుడు ఎంత పోయేదో తెలుసు. అంతే పోయింది. ఆ తర్వాత ఆమె బానెట్టు వేసి, గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుని "పోదాం పదండి" అనేది.

కుడి పక్క కూర్చున్నాను. తాళం తిప్పాను. ఒకసారి మూలిగింది, రెండోసారి దగ్గింది. నేను ఇంకోసారి తిప్పేలోగా సంజీవరాయుడు గారు తనకు తెలియకుండానే బానెట్టు మీద చెయ్యి వేసి "రామ్మా" అన్నారు. ఇంజను అందుకుంది. వంకాయ రంగు కారు మొత్తం, దోమతో సహా, వణికింది.

"గోళ్లు," అన్నారు ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని. చూపించాను. పదింటికీ నలుపు ఉంది.

కుళ్లాయమ్మ పత్రం పూరించింది. వాహనం ఎవరి పేరున ఉంది అన్న చోట వకుళ అని రాసింది. యజమాని పేరు దగ్గర ఆగి, నా వైపు చూసి, "ఇక్కడ మీ పేరు రాస్తే మళ్లీ పేరు మార్పుకు పోతాది సార్. పైనున్న ఆయమ్మ పేరు కొట్టేస్తారు. ఎట్ల చేద్దాం?" అంది.

"మీకు తోచినట్టు రాయండమ్మా."

ఆమె రాసింది: 'వకుళ గారి యజమాని.' సంజీవరాయుడు గారు చదివి, ముద్ర వేసి, పైకి చూడకుండా అందించారు. ఖాళీ లారీ గొలుసులు చప్పుడు చేసుకుంటూ వీధి మలుపు తిరిగింది.

చీకటి పడ్డాక పత్రం తీసుకుని షెడ్డులోకి వెళ్లాను. కారులో కాసేపు కూర్చున్నాను, ఎడమ సీట్లోనే. లైటు వేసి ఆ ఒక్క వరస మళ్లీ మళ్లీ చదువుకున్నాను. పత్రం మొత్తంలో ఎక్కడా నా పేరు లేదు. నేను ఆమెకు ఏమవుతానో అది మాత్రం ఉంది, పైన ముద్రతో. దాన్ని ముందు అరలో పెట్టి దిగాను.

"అయిందా సార్?" అంది గోడ అవతల నుంచి రమీజాబీ. ఇంతసేపూ ఆమె పెరట్లోనే నిలబడి ఉంది.

"అయిందమ్మా. పోయి పడుకో."

నేను వంటింటి లైటు వేసేదాకా ఆమె అక్కడే ఉంది. ఆ తర్వాత, నాకు వినబడకూడదని కాబోలు, పెరటి తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.